మిర్యాలగూడ వేబ్రిడ్జి మీద సిగ్నల్స్ గొడవ

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు గేటు దగ్గర 60 టన్నుల వేబ్రిడ్జి ఉంది. కేబిన్‌లో బరువు చూపించే ఇండికేటర్, దాని వెనక సీరియల్ కేబుల్, ఆ కేబుల్ చివర 'రాస్ప్‌బెర్రీ పై' అనే ఒక చిన్న కంప్యూటర్ ఉంటాయి. పై మీద సీ భాషలో రాసిన ఒక ప్రోగ్రామ్ నడుస్తుంది. ఇండికేటర్ పంపే బరువును చదివి, లారీ నంబరు, గ్రాస్ (నిండు బండి బరువు), టేర్ (ఖాళీ బండి బరువు), నెట్ (సరుకు బరువు) కలిపి రిజిస్టర్ ఫైల్‌లో ఒక లైను రాస్తుంది. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద చిట్టీ కొడుతుంది. అదే వివరాన్ని మిల్లు ఆఫీసులోని కంప్యూటర్‌కు పంపుతుంది. మొత్తం కలిపి రెండు వేల లైన్లు కూడా లేని ప్రోగ్రామ్. రాసినాయన ఈ పని మానేసి వెళ్లిపోయాడు. మెయింటెనెన్స్ నాకు వచ్చింది. తర్వాత తేలిందేమిటంటే గొడవంతా సిగ్నల్స్‌ది: నడుస్తున్న ప్రోగ్రామ్‌ను మధ్యలో ఆపి ఆపరేటింగ్ సిస్టమ్ అందించే కబురు సిగ్నల్, అది వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్ హ్యాండ్లర్.

యాసంగి కొనుగోళ్లు మొదలయ్యాక ఫోన్లు మొదలయ్యాయి. కేబిన్ ఆపరేటర్ మాట ఎప్పుడూ ఒకటే: "సార్, కాంటా మళ్ల ఆగింది. లారీలు రోడ్డు దాకా నిలబడ్డయి. ప్లగ్గు గుంజి పెట్టనా?" ఐకేపీ కొనుగోలు కేంద్రాల నుంచి వడ్ల లారీలు వరస కట్టే రోజుల్లో కాంటా పావుగంట ఆగితే హమాలీల దగ్గర్నుంచి సేటు దాకా అందరూ అరుస్తారు. అందుకని అతను నా జవాబు కోసం ఆగకుండానే ప్లగ్గు గుంజేవాడు. మళ్లీ పెడితే ప్రోగ్రామ్ వచ్చేది, కానీ రిజిస్టర్‌లో ఆఖరి లారీ ఒక్కోసారి ఉండేది కాదు, ఒక్కోసారి సగం లైనే ఉండేది.

ఇండికేటర్ మీద అనుమానం పడటం సులువు. కానీ దానికి తూనికలు కొలతల శాఖ సీల్ ఉంటుంది, దాన్ని విప్పి చూసే పని లేదు. పైగా స్క్రీన్ ఆగిన టైంలో కూడా ఇండికేటర్ మీద అంకెలు మామూలుగానే మారుతున్నాయని ఆపరేటర్ చెప్పాడు. తప్పు మన వైపే ఉందని అప్పుడే అర్థమైంది.

వివరంగా అడిగితే ఇంకో రెండు సంగతులు బయటపడ్డాయి. మొదటిది, ప్రతిసారీ స్క్రీన్ బిగుసుకుపోదు, కొన్నిసార్లు ప్రోగ్రామే మాయమై ఖాళీ నల్ల స్క్రీన్ మిగులుతుంది. రెండోది, పాత ఇంటెల్ కంప్యూటర్ మీద ఇదే ప్రోగ్రామ్ ఉన్నప్పుడు బస్తాల సంఖ్య వేయడం మరిచిపోతే ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక వచ్చేదట. పై మీదికి మార్చాక ఆ హెచ్చరిక రావడం లేదు, చిట్టీ మీద బస్తా సగటు సున్నా అని పడుతోంది. ఇవి మూడు వేర్వేరు రోగాలని నాకు అప్పుడు తెలియదు. అన్నిటినీ కలిపి 'హ్యాంగ్' అనే ఒక్క పేరుతో పిలుస్తున్నాం.

బిగుసుకున్నప్పుడు పట్టుకోవడం

ఆపరేటర్‌తో ఒక ఒప్పందం చేసుకున్నాను: ఈసారి ఆగితే ప్లగ్గు గుంజొద్దు, నేను నల్లగొండ నుంచి నెట్ మీద లోపలికి వచ్చి చూస్తాను, పది నిమిషాలు ఓపిక పట్టాలి. కాసేపటికి చేతిరాతతో చిట్టీ ఇవ్వడానికి సేటు ఒప్పుకున్నాడు.

ఆగిన ప్రోగ్రామ్‌ను చూడగానే మొదట గమనించాల్సింది సీపీయూ. ఇక్కడ అది సున్నా శాతం. అంటే లూప్‌లో పడి తిరగడం లేదు, దేనికోసమో నిద్రపోతోంది. ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఏం అడుగుతోందో చూపించే ఎస్‌ట్రేస్ తగిలిస్తే ఒకే ఒక్క లైను కనిపించింది: ఫ్యూటెక్స్ మీద వెయిట్. లాక్ అంటే ఒకదాన్ని ఒకసారికి ఒక్కరే వాడేలా వేసే తాళం; ఫ్యూటెక్స్ మీద వెయిట్ అంటే ఆ లాక్ ఎవరో విడవాలి, మనం ఆగాలి. కానీ ఈ ప్రోగ్రామ్‌లో థ్రెడ్లే (ఒకే ప్రోగ్రామ్ లోపల పక్కపక్కన నడిచే పనులు) లేవు. ఒకే థ్రెడ్ ఉన్న ప్రోగ్రామ్‌లో లాక్ పట్టుకున్నది ఎవరు?

జీడీబీ అనే డీబగ్గర్ తగిలించి, ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను పిలిచిందో చూపించే బ్యాక్‌ట్రేస్ తీస్తే జవాబు దొరికింది. అడుగున మెయిన్, అంటే ప్రోగ్రామ్ మొదలయ్యే ఫంక్షన్. దాని పైన, ఇండికేటర్ నుంచి వచ్చిన ప్రతి బరువును టైముతో సహా లాగ్‌లో రాసే ఫంక్షన్. దాని పైన లైబ్రరీలో స్థానిక టైము లెక్కకట్టే లోకల్‌టైమ్ ఫంక్షన్. దాని పైన జీడీబీ సొంతంగా పెట్టే గుర్తు, సిగ్నల్ హ్యాండ్లర్‌ను పిలిచినట్టు. ఆ పైన మన ప్రోగ్రామ్‌లోని గడియారం హ్యాండ్లర్. అన్నిటికన్నా పైన మళ్లీ లోకల్‌టైమ్, అది లాక్ కోసం నిద్రపోతోంది.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. స్క్రీన్ మీద కుడి మూలన సెకనుకోసారి మారే గడియారం ఉంది. రాసినాయన దాన్ని అలారం సిగ్నల్‌తో చేశాడు. సెకనుకోసారి సిగ్‌అలారమ్ వస్తుంది, హ్యాండ్లర్ లోకల్‌టైమ్‌ను పిలిచి ప్రింట్‌ఎఫ్‌తో టైము గీసి, మళ్లీ ఒక సెకనుకు అలారం పెట్టుకుంటుంది. చూడటానికి చక్కగా ఉంది, నెలల తరబడి నడిచింది కూడా.

కానీ లినక్స్‌లోని సీ లైబ్రరీ జీలిబ్‌సీలో లోకల్‌టైమ్ లోపల ఒక లాక్ ఉంది, టైమ్‌జోన్ వివరాలను కాపాడటానికి. మెయిన్ వైపు లోకల్‌టైమ్ ఆ లాక్ తీసుకున్నాక, విడిచేలోపు సిగ్నల్ వచ్చిందనుకోండి. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మెయిన్‌ను అక్కడే ఆపి, అదే థ్రెడ్‌తో హ్యాండ్లర్‌ను నడిపిస్తుంది. హ్యాండ్లర్ లోకల్‌టైమ్‌ను పిలుస్తుంది, లాక్ అడుగుతుంది. లాక్ మెయిన్ దగ్గర ఉంది. మెయిన్ ముందుకు కదలాలంటే హ్యాండ్లర్ ముగియాలి. హ్యాండ్లర్ ముగియాలంటే మెయిన్ లాక్ విడవాలి. గది తాళంచెవి జేబులో పెట్టుకున్న గుమస్తాయే తలుపు ముందు కూర్చుని, గుమస్తా ఎప్పుడొస్తాడా అని ఎదురుచూసినట్టు.

థ్రెడ్ల గురించి చదివినవాళ్లు ఇక్కడే పొరపడతారు. "లోకల్‌టైమ్ కాకుండా లోకల్‌టైమ్ ఆర్ వాడితే సరిపోతుంది కదా, అది థ్రెడ్ సేఫ్" అని నాకు తెలిసిన మంచి ప్రోగ్రామర్ ఒకాయన వెంటనే అన్నాడు. సరిపోదు. ఒక ఫంక్షన్‌ను రెండు థ్రెడ్లు ఒకేసారి పిలిస్తే లాక్ వాటిని వరసలో నిలబెడుతుంది, ఒకటి ఆగితే ఇంకొకటి పని ముగించి విడుస్తుంది. సిగ్నల్ విషయంలో ఆగినవాడూ పట్టుకున్నవాడూ ఒక్కడే, కాబట్టి థ్రెడ్ల దగ్గర కాపాడిన లాకే ఇక్కడ పీక పట్టుకుంటుంది. థ్రెడ్ సేఫ్ అనేది ఒక గుణం, సిగ్నల్ సేఫ్ అనేది వేరే గుణం. హ్యాండ్లర్ లోపల పిలవదగిన ఫంక్షన్ల జాబితా యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణమైన పోసిక్స్‌లో ఉంది, లినక్స్ మాన్యువల్‌లో సిగ్నల్ సేఫ్టీ పేజీలో దొరుకుతుంది. అందులో రైట్ ఉంది, కిల్ ఉంది, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఎగ్జిట్ ఉంది. ప్రింట్‌ఎఫ్ లేదు, మెమరీ తీసుకునే మాలాక్ లేదు, తిరిగిచ్చే ఫ్రీ లేదు, సిస్టమ్ లాగ్‌లో రాసే సిస్‌లాగ్ లేదు, మామూలు ఎగ్జిట్ కూడా లేదు. లోకల్‌టైమ్ లేదు, ఆర్ తోక ఉన్నా లేదు.

మరి చలికాలంలో రాని జబ్బు కొనుగోళ్లప్పుడే ఎందుకు వచ్చింది? కాంటా మీద బండి ఉన్నప్పుడే ప్రోగ్రామ్ బరువులను లాగ్ చేస్తుంది. సెకనుకు సుమారు పది బరువులు వస్తాయి, అంటే పది లోకల్‌టైమ్‌లు. టీజెడ్ అనే వేరియబుల్ సెట్ చేయకపోతే జీలిబ్‌సీ ప్రతి పిలుపులోనూ టైమ్‌జోన్ ఫైల్ మారిందేమోనని చూసి వస్తుంది, అదీ లాక్ పట్టుకునే. ఒక్కో పిలుపు లాక్‌తో రెండున్నర మైక్రోసెకన్లు గడుపుతుందని అనుకుందాం. పది పిలుపులకు 25 మైక్రోసెకన్లు. సెకనులో సరిగ్గా ఆ ముక్కలోనే అలారం పడే అవకాశం 40 వేలలో ఒకటి. 40 వేల సెకన్లంటే 11 గంటలు. ఆఫ్ సీజన్‌లో రోజంతా కలిపి బండి కాంటా మీద ఉండేది అరగంట కూడా కాదు. ఏప్రిల్, మే నెలల్లో ఒకటి దిగకముందే ఇంకొకటి ఎక్కుతుంది, రాత్రి కూడా. రెండు మూడు రోజులకొకసారి ఆగడంలో వింతేమీ లేదు.

ఇంత అరుదైనదాన్ని టెస్ట్ చేయాలంటే సీజన్ కోసం ఆగక్కర్లేదు. ఇంట్లో ఇంకో పై మీద అదే ప్రోగ్రామ్ పెట్టి, నకిలీ బరువులు పంపుతూ, పక్కనుంచి ఒక చిన్న స్క్రిప్టుతో సిగ్‌అలారమ్‌ను తెరిపి లేకుండా కొట్టాను. టీ తాగే లోపే బిగుసుకుపోయింది. సిగ్నల్ హ్యాండ్లర్ ఉన్న ఏ ప్రోగ్రామ్‌నైనా చేతికి తీసుకున్నప్పుడు నేను ఇప్పుడు మొదట చేసే పరీక్ష ఇదే.

ఇలాంటిది మారుమూల కాంటా ప్రోగ్రామ్‌లోనే వస్తుందని ఎవరూ అనుకోవద్దు. 2024 జూలై 1న క్వాలిస్ అనే సెక్యూరిటీ సంస్థ బయటపెట్టిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ కావడానికి వాడేది) లోపం అచ్చంగా ఈ జాతిదే. లాగిన్ కావడానికి ఇచ్చే 120 సెకన్ల గడువు ముగిస్తే సర్వర్‌కు సిగ్‌అలారమ్ వస్తుంది, ఆ హ్యాండ్లర్ లోపల సిస్‌లాగ్‌ను పిలిచేవాళ్లు. మెమరీ కేటాయింపు మధ్యలో ఆ సిగ్నల్ పడేలా ఓపికగా ప్రయత్నిస్తే దూరం నుంచి రూట్ హక్కులు (సర్వర్ మీద పూర్తి అధికారం) సంపాదించవచ్చని వాళ్లు చూపించారు. 2006లో ఒకసారి మూసిన లోపమే, 2020లో చేసిన ఒక మార్పుతో మళ్లీ తెరుచుకుంది. ప్రపంచంలో ఎక్కువ కళ్లు చూసే సీ కోడ్‌లలో అదొకటి.

సగం లైను ఎక్కడిది

ప్లగ్గు గుంజడం వల్లే సగం లైన్లు వస్తున్నాయని మొదట అనుకున్నాం. కొంతవరకు నిజమే. కానీ కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ తగ్గి, సిస్టమ్ తనంతట తాను పద్ధతిగా షట్‌డౌన్ అయిన రోజుల్లో కూడా సగం లైన్లు ఉన్నాయి.

షట్‌డౌన్‌లో, లినక్స్‌లో ప్రోగ్రామ్‌లను మొదలుపెట్టి ఆపే సిస్టమ్‌డీ ముందు సిగ్‌టెర్మ్ (ఇక ఆగమనే సిగ్నల్) పంపుతుంది. డీఫాల్ట్‌గా 90 సెకన్లు ఆగి, అప్పటికీ ప్రోగ్రామ్ పోకపోతే బలవంతంగా చంపే సిగ్‌కిల్ పంపుతుంది. సిగ్‌కిల్‌ను, సిగ్‌స్టాప్‌ను ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు. మన ప్రోగ్రామ్ సిగ్‌టెర్మ్‌కు ఒక హ్యాండ్లర్ పెట్టుకుంది. అది చేతిలో ఉన్న చిట్టీని ఎఫ్‌ప్రింట్‌ఎఫ్‌తో రిజిస్టర్‌లో రాసి, ఎగ్జిట్ పిలుస్తుంది. ఉద్దేశం మంచిదే. కానీ ఆ క్షణంలో మెయిన్ కూడా అదే ఫైల్‌లో ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ మధ్యలో ఉంటే? స్ట్యాండర్డ్ ఐఓ ఫైల్ లాక్ అదే థ్రెడ్‌ను రెండోసారి కూడా లోపలికి రానిస్తుంది, కాబట్టి ఇక్కడ బిగుసుకోదు. దానికి బదులు డిస్క్‌కు వెళ్లేముందు అక్షరాలు పోగయ్యే, సగం నిండిన బఫర్‌లో ఇంకో లైను వచ్చి పడుతుంది. ఆ తర్వాత ఎగ్జిట్ ఆ కలగాపులగాన్ని అలాగే డిస్క్ వైపు తోసేస్తుంది. రిజిస్టర్‌లో ఒక లారీ నంబరు తోక పట్టుకుని ఇంకో లారీ బరువు కనిపించిన లైన్లకు కారణం ఇదే.

ఒకవేళ షట్‌డౌన్ వచ్చే సమయానికి ప్రోగ్రామ్ అప్పటికే గడియారం దగ్గర బిగుసుకుని ఉంటే 90 సెకన్లూ వృథా. ఆ యూపీఎస్ బ్యాటరీ పాతది, అంతసేపు ఆగుతుందన్న నమ్మకం నాకు లేదు.

అందరూ చెప్పే మందు ఒకటుంది: హ్యాండ్లర్‌లో 'సిగ్నల్ వచ్చింది' అనే ఫ్లాగ్ ఒకటి పెట్టి వచ్చేయాలి, పని మెయిన్ లూప్‌లో చేయాలి. ఫ్లాగ్‌ను వోలటైల్ సిగ్ అటామిక్ టీ రకంగా ప్రకటించాలి, లేకపోతే కంపైలర్ దాన్ని ప్రాసెసర్ రిజిస్టర్‌లో పెట్టుకుని మార్పును గమనించకపోవచ్చు. ఇదంతా సరైనదే, కానీ మన దగ్గర అది ఒక్కటే పెడితే సరిపోలేదు. కారణం సీరియల్ రీడ్, అంటే ఇండికేటర్ బైట్ల కోసం ఆగి చదవడం. పాత కోడ్ హ్యాండ్లర్లను సిగ్నల్ అనే ఫంక్షన్‌తో పెట్టింది. జీలిబ్‌సీలో అలా పెడితే, సిగ్నల్ వల్ల ఆగిన రీడ్ హ్యాండ్లర్ ముగిశాక తనంతట తానే మళ్లీ మొదలవుతుంది. ఇండికేటర్ ఆఫ్ అయి ఉంటే బైట్లు రావు, రీడ్ తిరిగి రాదు, ఫ్లాగ్‌ను చూసేవాళ్లు ఉండరు. కరెంటు పోతే ముందు ఆఫ్ అయ్యేది ఇండికేటరే, దానికి యూపీఎస్ లేదు.

హ్యాండ్లర్ పెట్టే ఇంకో ఫంక్షన్ సిగ్‌యాక్షన్ వాడి ఆ రీస్టార్ట్‌ను తీసేస్తే రీడ్ ఈఇంటర్ అనే ఎర్రర్‌తో బయటికి వస్తుంది, అప్పుడు ఫ్లాగ్ చూడొచ్చు. ఇది సగం మందు. ఫ్లాగ్ చూసి, 'ఏమీ లేదు' అనుకుని, రీడ్‌లోకి అడుగు పెట్టే ఆ సందులో సిగ్నల్ వస్తే మళ్లీ అదే కథ. ఆ సందును మూయడానికే పీసెలెక్ట్, పీపోల్ అనే ఫంక్షన్లు వచ్చాయి. పైపు ఒకటి తెరిచి హ్యాండ్లర్ అందులో ఒక బైటు రాసే పాత కిటుకు కూడా దానికోసమే.

నేను సిగ్నల్‌ఎఫ్‌డీ ఎంచుకున్నాను. లినక్స్ 2.6.22 నుంచి ఉంది, 2007 నాటిది. సిగ్నల్స్‌ను మాస్క్‌తో (ఏవి లోపలికి రాకూడదో చెప్పే జాబితా) బ్లాక్ చేసి, వాటిని ఫైల్‌లాగా చదువుకోవచ్చు. గడియారానికి టైమర్‌ఎఫ్‌డీ, టైమర్‌ను కూడా అలాగే ఫైల్‌లా చదివేది. ఇప్పుడు మెయిన్ లూప్ ఒకే ఒక్క పోల్ (చాలా వాటి కోసం ఒకేసారి ఎదురుచూసే పిలుపు) మీద కూర్చుంటుంది: సీరియల్ నుంచి బరువు వచ్చిందా, సెకను గడిచిందా, సిగ్నల్ వచ్చిందా, కీబోర్డ్ నొక్కారా, ఆఫీసు కంప్యూటర్ ఏమైనా పంపిందా. ఏది వచ్చినా మామూలు కోడ్‌లో, మామూలు టైంలో, లాక్‌లన్నీ విడిచాక పని జరుగుతుంది. ప్రింట్‌ఎఫ్, లోకల్‌టైమ్ ఏది కావాలన్నా పిలుచుకోవచ్చు. ప్రోగ్రామ్‌లో హ్యాండ్లర్ అన్నదే మిగల్లేదు. ఈ ప్రోగ్రామ్ లినక్స్ దాటి ఎక్కడికీ పోదు కాబట్టి ఇది కుదిరింది. బీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ మీద కూడా నడవాలంటే పైపు కిటుకే వాడేవాణ్ని.

ఒక చోట మాత్రం ఈ ఎంపిక మమ్మల్ని కాస్త తిప్పింది. చిట్టీ ప్రింట్ చేయడానికి ప్రోగ్రామ్ ఫోర్క్ చేసి (తన నకలు ప్రాసెస్‌ను పుట్టించి), అందులో ఎగ్జెక్‌తో ప్రింట్ కమాండ్‌ను నడుపుతుంది. బ్లాక్ చేసిన సిగ్నల్ మాస్క్ ఫోర్క్‌లోనే కాదు, ఎగ్జెక్ తర్వాత కూడా పిల్ల ప్రాసెస్‌కు వారసత్వంగా వెళ్తుంది. కాగితం ఇరుక్కుని ప్రింట్ కమాండ్ ఆగిపోతే దానికి సిగ్‌టెర్మ్ పంపినా కదలలేదు, ఎందుకంటే అది పుట్టుకతోనే చెవులు మూసుకుని వచ్చింది. ఎగ్జెక్‌కు ముందు పిల్లలో మాస్క్‌ను పాత స్థితికి మార్చాలి. ఒక్క లైను పని, గుర్తుండాలి అంతే.

అక్కడే ఇంకోటి దొరికింది. పాత కోడ్ సిగ్‌చైల్డ్ (పిల్ల ప్రాసెస్ ముగిసిందనే సిగ్నల్) వచ్చిన ప్రతిసారీ ఒక్కసారే వెయిట్ చేసేది. మామూలు సిగ్నల్స్ వరసలో నిలబడవు, ఒకటి పెండింగ్‌లో ఉండగా రెండోది వస్తే రెండూ కలిసి ఒకటవుతాయి. రెండు ప్రింట్లు ఒకేసారి ముగిస్తే ఒక జాంబీ (ముగిసినా జాబితాలోంచి పోని ప్రాసెస్) మిగిలేది. ఇప్పుడు వెయిట్‌పిడ్‌ను ఇంకెవరూ లేరు అనేదాకా లూప్‌లో పిలుస్తున్నాం.

సిగ్‌పైప్ గురించి భయపడ్డాను గానీ అది నష్టం చేయలేదు. ఆఫీసు కంప్యూటర్ ఆపేసిన తర్వాత సాకెట్‌లో రాస్తే సిగ్‌పైప్ వచ్చి ప్రోగ్రామ్ చప్పుడు లేకుండా చచ్చిపోవాలి. సిస్టమ్‌డీ తాను నడిపే సర్వీసులకు దాన్ని ముందే ఇగ్నోర్ చేసి ఇస్తుంది. ఇంట్లో టెర్మినల్ నుంచి చేత్తో నడిపినప్పుడు మాత్రం మాయమైంది, షెల్ 141 అని చూపించింది, 128కి సిగ్నల్ నంబరు 13 కలిపితే అది. ఇప్పుడు ప్రోగ్రామ్ మొదట్లోనే ఇగ్నోర్ చేసి, రైట్ ఇచ్చే ఎర్రర్‌ను చూస్తున్నాం.

సీలో ఎక్సెప్షన్లు చేయబోయిన చోట

ఇక ప్రోగ్రామ్ మాయమవడం, బస్తాల సంగతి. ఈ రెండిటి వెనక ఒకే ఆలోచన ఉంది.

రాసినాయన జావా నుంచి వచ్చిన మనిషి అయ్యుంటాడని నా ఊహ. జావాలో తప్పు జరిగితే (ఎక్సెప్షన్) దాన్ని పట్టుకునే ట్రై, క్యాచ్ అనే పేర్లతో సీలో మాక్రోలు రాసుకున్నాడు. వాటి లోపల సెట్‌జంప్, లాంగ్‌జంప్: మొదటిది ఒక చోటును గుర్తుపెట్టుకుంటుంది, రెండోది అక్కడికి దూకిస్తుంది. సిగ్‌ఎఫ్‌పీఈకి (లెక్కలో తప్పు), సిగ్‌సెగ్వీకి (తాకకూడని మెమరీని తాకడం) హ్యాండ్లర్లు పెట్టి, వాటి లోంచి లాంగ్‌జంప్‌తో క్యాచ్ భాగంలోకి దూకించాడు. సున్నాతో భాగిస్తే క్యాచ్, చెడ్డ పాయింటర్ తాకితే క్యాచ్. చూస్తే ముచ్చటేస్తుంది.

బస్తా సగటు విషయం చూద్దాం. నెట్ బరువును బస్తాల సంఖ్యతో భాగించి గ్రాముల్లో చూపిస్తుంది. 16,240 కిలోలకు 400 బస్తాలైతే బస్తాకు 40 కిలోల 600 గ్రాములు. కొనుగోళ్లలో బస్తా 40 కిలోల లెక్క, తరుగు పేరుతో ఎంత ఎక్కువ తూస్తున్నారన్నది రైతులకు ప్రతి సీజన్‌లో మంట పుట్టించే విషయం. కాబట్టి చిట్టీ మీద ఆ అంకె ఊరికే ఉండేది కాదు, దాన్ని పట్టుకుని కేంద్రాలవాళ్లతో కొట్లాడతారు. అక్కడ సున్నా పడితే మిల్లే ఏదో దాస్తోందని అనుమానం వస్తుంది, వచ్చింది కూడా.

బస్తాల సంఖ్య వేయకపోతే అది సున్నా. ఇంటెల్ ప్రాసెసర్ మీద పూర్ణాంకాన్ని సున్నాతో భాగిస్తే హార్డ్‌వేర్ ఫిర్యాదు చేస్తుంది, కెర్నల్ దాన్ని సిగ్‌ఎఫ్‌పీఈగా మారుస్తుంది, హ్యాండ్లర్ దూకుతుంది, ఎర్ర అక్షరాలు వస్తాయి. పైలో ఉండే 64 బిట్ ఏఆర్‌ఎమ్ ప్రాసెసర్ మీద అదే భాగహారం ఫిర్యాదేమీ చేయదు, జవాబు సున్నా అని ఇచ్చి ముందుకు పోతుంది. సీ భాష దృష్టిలో సున్నాతో భాగించడమే నిర్వచనం లేని పని, ఏ ప్రాసెసర్ ఏం చేసినా దానికి అభ్యంతరం లేదు. ఆ సిగ్నల్ పేరులో ఫ్లోటింగ్ పాయింట్ అని ఉన్నా, మామూలు సెట్టింగ్‌లో ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యను సున్నాతో భాగిస్తే ఇంటెల్ మీద కూడా సిగ్నల్ రాదు, ఇన్ఫినిటీ వస్తుంది. పూర్ణాంకాల భాగహారంలోనే వస్తుంది. అంటే ఆ హెచ్చరిక ప్రోగ్రామ్‌లో ఉన్నట్టు కనిపించినా నిజానికి పాత కంప్యూటర్‌లో ఉంది. పెట్టె మారగానే పోయింది.

పాత కంప్యూటర్ మీద కూడా అది సరిగా లేదు. ఆపరేటర్‌ను ఇంకాస్త అడిగితే, "ఒక్కసారి చెప్తది సార్, రెండోసారి మర్చిపోతే మొత్తం బందయితది" అన్నాడు. ఎందుకంటే హ్యాండ్లర్ నడుస్తున్నంతసేపు ఆ సిగ్నల్ బ్లాక్ అయి ఉంటుంది, హ్యాండ్లర్ మామూలుగా ముగిస్తే కెర్నల్ దాన్ని విప్పుతుంది. లాంగ్‌జంప్‌తో దూకి వెళ్లిపోతే విప్పేవాళ్లు లేరు. లినక్స్‌లో సెట్‌జంప్ మాస్క్‌ను దాచుకోదు, దానికి సిగ్‌సెట్‌జంప్ వేరే ఉంది. బ్లాక్ అయి ఉన్న సిగ్‌ఎఫ్‌పీఈ భాగహారం నుంచి నేరుగా మళ్లీ పుడితే కెర్నల్ ఆగదు, ప్రోగ్రామ్‌ను చంపేస్తుంది.

పై మీద ప్రోగ్రామ్ మాయమయ్యే రోగం ఇదే, సిగ్‌సెగ్వీ రూపంలో. మిల్లు కరెంటు నుంచి జనరేటర్ మీదికి మారినప్పుడు సీరియల్ కేబుల్‌లో చెత్త బైట్లు వచ్చేవి. కామాల దగ్గర స్ట్రింగ్‌ను ముక్కలు చేసే స్ట్రిటోక్, కామా లేకపోతే రెండో ముక్క అడిగినప్పుడు నల్ (ఖాళీ పాయింటర్) ఇస్తుంది, దాన్ని చూడకుండా అక్షరాలను సంఖ్యగా మార్చే ఏటుఐకి ఇచ్చారు, సెగ్మెంటేషన్ ఫాల్ట్ (అదే సిగ్‌సెగ్వీ). మొదటిసారి హ్యాండ్లర్ కాపాడింది, ఎవరికీ తెలియలేదు. రెండోసారి చంపింది. కరెంటు రెండుసార్లు పోయిన రోజునే ప్రోగ్రామ్ మాయమవుతోందని లాగ్‌లు పక్కపక్కన పెట్టుకుంటే తేలింది.

సిగ్‌సెట్‌జంప్, సిగ్‌లాంగ్‌జంప్‌గా మారిస్తే రెండోసారి చావకుండా చూడొచ్చు. మార్చలేదు, అన్నీ పీకేశాను. దీనిపై నా అభిప్రాయం గట్టిది. సిగ్‌సెగ్వీ వచ్చిందంటే ప్రోగ్రామ్ మెమరీ గురించి మనం అనుకుంటున్నది తప్పని అర్థం. ఆ ఫాల్ట్ మాలాక్ మధ్యలో పుట్టి ఉంటే, దూకి బయటపడ్డాక హీప్ (మాలాక్ మెమరీ ఇచ్చే చోటు) సగం కుట్టిన బట్టలా మిగులుతుంది, తర్వాతి మాలాక్ ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు. పైగా సెట్‌జంప్ తర్వాత మారిన లోకల్ వేరియబుల్స్, వోలటైల్ కాకపోతే, తిరిగి వచ్చాక ఏ విలువతో ఉంటాయో హామీ లేదు. జావాలో ఎక్సెప్షన్ దారిలో ఉన్న తలుపులన్నీ వేసుకుంటూ వస్తుంది. సీలో జంప్ మేడ మీంచి దూకడమే, తెరిచిన ఫైళ్లు, తీసుకున్న మెమరీ ఎక్కడివక్కడే. హ్యాండ్లర్ దూకకుండా మామూలుగా తిరిగి వస్తే ఇంకా అన్యాయం, ఫాల్ట్ చేసిన ఇన్‌స్ట్రక్షనే మళ్లీ నడిచి మళ్లీ ఫాల్ట్, అదొక అంతులేని చక్రం.

వాటి బదులు పెట్టినవి చాలా నీరసంగా ఉంటాయి. భాగించే ముందు బస్తాలు సున్నానా అని చూడటం, సున్నా అయితే సంఖ్య అడగటం, చిట్టీ కొట్టకపోవడం. స్ట్రిటోక్ నల్ ఇస్తే ఆ బరువును పారేసి తర్వాతి దాని కోసం ఆగడం, పదోవంతు సెకనులో ఇంకోటి వస్తుంది. ఏటుఐ బదులు స్ట్రిటోల్, అది ఎక్కడ ఆగిందో చెబుతుంది కాబట్టి చెత్త పట్టుబడుతుంది. ప్రతి ఫంక్షన్ ఎర్రర్ కోడ్ తిరిగి ఇవ్వడం, పిలిచినవాళ్లు దాన్ని చూడటం. ఇన్ని తర్వాత కూడా సిగ్‌సెగ్వీ వస్తే ప్రోగ్రామ్‌ను చావనిస్తాం. చచ్చిన క్షణంలోని మెమరీ నకలు, అంటే కోర్ ఫైల్, మిగులుతుంది, సిస్టమ్‌డీ దాన్ని వెంటనే మళ్లీ లేపుతుంది. ఆపరేటర్‌కు స్క్రీన్ ఒకసారి మెరిసినట్టు కనిపిస్తుంది.

చచ్చి లేస్తే రిజిస్టర్‌కు ఏమీ కాకూడదు కాబట్టి రాసే పద్ధతి మార్చాం. లైను మొత్తం మెమరీలో తయారు చేసి, ఒకే రైట్‌తో ఫైల్ చివర చేర్చి, డిస్క్ మీదికి చేరేదాకా ఆగే ఎఫ్‌సింక్ అయ్యాకే తర్వాతి అడుగు. రోజు మొత్తాల ఫైల్ ప్రతిసారీ కొత్తగా రాస్తారు కనుక దాన్ని వేరే పేరుతో రాసి, సింక్ చేసి, రీనేమ్‌తో పాతదాని స్థానంలో పెడుతున్నాం. స్టాప్ గడువును 90 సెకన్ల నుంచి 10కి తగ్గించాను. సిగ్‌టెర్మ్ వచ్చాక ప్రోగ్రామ్ చేతిలోని లైను ముగించి ఆగడానికి ఒక సెకను కూడా పట్టడం లేదు.

మార్పులయ్యాక పాత పరీక్షే మళ్లీ. నకిలీ బరువులు, పక్కనుంచి తెరిపి లేని సిగ్నల్స్, మధ్యమధ్యలో సిగ్‌కిల్, మధ్యమధ్యలో ప్లగ్గు గుంజడం, రాత్రంతా. తెల్లారి రిజిస్టర్ లైన్లను పంపిన బండ్లతో పోల్చే స్క్రిప్టు ఒకటి రాశాను. సగం లైను దొరకలేదు. వానాకాలం వడ్లు వచ్చినప్పుడు మిల్లులో కూడా కాంటా ఆగలేదు. సేటు దాన్ని కొత్త యూపీఎస్ బ్యాటరీ మహిమ అనుకుంటున్నాడు.

ఒక చిక్కు మాత్రం సిగ్నల్స్‌తో తీరేది కాదు. రిజిస్టర్‌లో లైను పడింది, ప్రింటర్‌కు పంపే లోపు కరెంటు పోయింది. లేచాక ప్రోగ్రామ్‌కు ఆ చిట్టీ కాగితం మీద పడిందో లేదో తెలియదు. మళ్లీ కొడితే ఒకే లారీకి రెండు చిట్టీలు, కొట్టకపోతే డ్రైవర్ చేతిలో ఏమీ ఉండదు. సేటుతో, ఆపరేటర్‌తో కూర్చుని ఇలా ఒప్పుకున్నాం: ప్రోగ్రామ్ లేవగానే ఆఖరి లారీ నంబరు, నెట్ చూపించి 'చిట్టీ వచ్చిందా?' అని అడుగుతుంది. లేదంటే మళ్లీ కొడుతుంది, పైన 'నకలు' అని పెద్ద అక్షరాలతో.